పైపుదా, తాడుదా? ఇంట్లో చేసుకునే కెమెరా స్టెబిలైజర్ ఏది మేలు?

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీని వీడియో తీయాలంటే ఒకచోట నిలబడితే కుదరదు, బరి చుట్టూ కట్టిన తాడు బయట నుంచి గిత్తల వెంటే నడవాలి. నేను మొదటిసారి ఉత్త చేత్తో తీసి ఇంటికొచ్చి చూస్తే గిత్తలు, బండ, జనం అన్నీ ఎగిరెగిరి పడుతున్నాయి. కెమెరా ఊగకుండా పట్టుకునే, మోటార్లుండే గింబల్ కొనే స్తోమత అప్పుడు లేదు. అందుకే ఆ పనే చేసే స్టెబిలైజర్లు, తాడుది ఒకటి, పైపుది ఒకటి, ఇంట్లోనే చేసి చూశాను.

తాడుది పది నిమిషాల పని. పావు అంగుళం బోల్టుకి నైలాన్ తాడు కట్టి, కెమెరా అడుగున ట్రైపాడ్ ఎక్కించే రంధ్రంలో బిగించాలి. రెండో కొసకి పెద్ద వాషర్ కట్టి పాదం కింద తొక్కిపట్టి, కెమెరాని పైకి లాగాలి. తాడు బిగుసుకోగానే కిందా మీదా ఊగడం తగ్గిపోతుంది. పక్కలకి ఊగడం మాత్రం కొంత ఉంటుంది.

బోల్టు దగ్గర జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో "ఆరు ఎంఎం తీసుకో నాయనా, రెండూ ఒకటే" అన్నారు నాతో. ఒకటి కాదు. కెమెరాకి కావాల్సింది అంగుళానికి 20 మరలుండే పావు అంగుళం బోల్టు. 6 ఎంఎంది వదులుగా ఎక్కి లోపలి మరల్ని పాడుచేస్తుంది. బోల్టు మొన 5 ఎంఎం కంటే లోపలికి పోకుండా నట్టు అడ్డం పెట్టండి.

పైపుదానికి సగం రోజు పడుతుంది. రెండడుగుల సన్న పైపు, పైన కెమెరా, అడుగున బరువు, మధ్యలో అన్ని వైపులా తిరిగే కీలుతో పిడి. 1970లలో గారెట్ బ్రౌన్ సినిమాల కోసం తయారుచేసిన స్టెడీక్యామ్‌లోనూ ఉన్నది ఈ కిటుకే. బరువుని ఒకేచోట ఉంచకుండా పైకీ కిందకీ దూరంగా పంచితే, చేతి వణుకు దాన్ని అంత తేలిగ్గా తిప్పలేదు.

అసలు పనంతా పిడి పెట్టే చోటులో ఉంది. కెమెరా, బరువు బిగించాక పైపుని వేలి మీద అడ్డంగా పెట్టి, త్రాసులా నిలిచే చోట గీత గీయండి. కీలుని ఆ గీతకి కొద్దిగా పైన, అంటే కెమెరా వైపు, బిగించండి. తర్వాత పిడి పట్టుకుని పైపుని అడ్డంగా వంచి వదలండి. నిటారుగా రావడానికి రెండు మూడు సెకన్లు పట్టాలి. టక్కున లేచిందంటే అడుగున బరువు ఎక్కువైనట్టు, నడిచేటప్పుడు గోడ గడియారం లోలకంలా ఊగుతుంది. నేను 7 వాషర్లతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే తీస్తూ 4కి వచ్చాక కుదిరింది. ఆ సాయంత్రం వరండాలో అటూ ఇటూ నడిచి తీసిన వీడియో చూసి నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

ఫోన్‌తో తీసేవాళ్లు హోల్డర్ కింద ఇనుప రేకు ఒకటి బిగించండి. ఉత్త ఫోన్ బరువు పైపుకి చాలదు.

అయితే మైపాడు బీచ్‌లో గాలికి పైపు గిర్రున తిరిగింది, అక్కడ తాడే గెలిచింది. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలోనూ అంతే. భుజాలు రాసుకునే ఆ జనంలో రెండడుగుల పైపు తిప్పితే ఎవరికో తగులుతుంది. తాడైతే జేబులో పడి ఉంటుంది.

ఒక్కటే చేసుకునే వీలుంటే మాత్రం నేను పైపే చేసుకోమంటాను, ఎందుకంటే తాడుని తొక్కిపట్టి నడవలేం. కాకపోతే అడుగుల కుదుపుని పైపు ఆపదు. మోకాళ్లు కాస్త వంచి, మడమ ముందు ఆనిస్తూ మెల్లగా నడవండి.