మాక్ ఇంటర్వ్యూ ప్యాకేజీలు: ఏది కొనాలి, ఏది వద్దు

బిజినెస్ స్కూల్ అడ్మిషన్ల కోసం అమ్మే మాక్ ఇంటర్వ్యూల్లో అసలు విలువంతా ఫీడ్‌బ్యాక్‌లోనే ఉంది. అరగంట ప్రశ్నలు, వెంటనే పావుగంట సమీక్ష, చేతికి వీడియో రికార్డింగ్. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కొనకండి.

మీరు వెళ్లే స్కూల్ పద్ధతిలోనే చేయిస్తారా అని ముందే అడగండి. హార్వర్డ్‌లో ఇంటర్వ్యూ చేసేవారు దరఖాస్తు మొత్తం చదివి వస్తారు, ఉండేది 30 నిమిషాలే. చాలా స్కూళ్లలో రెజ్యూమె ఒక్కటే చూస్తారు. వార్టన్‌లో అయితే 35 నిమిషాల బృంద చర్చ. అన్నిటికీ ఒకే ప్రశ్నల జాబితా వాడే కోచ్ శుద్ధ దండగ.

రికార్డింగ్‌లో "మీ గురించి చెప్పండి" జవాబు చూసుకుంటే తప్పు ఇట్టే దొరుకుతుంది. రెజ్యూమె మొదటి లైన్ నుంచి అప్పజెబుతూ మూడు నిమిషాలు దాటించేస్తారు. రెండు నిమిషాల్లోపు ఆపాలి. నాయకత్వం గురించి అడిగితే "మేం చేశాం, మేం సాధించాం" అంటూ పోతారు, అందులో మీ వంతేమిటో తేలదు. మంచి కోచ్ అక్కడే ఆపి, "ఆ నిర్ణయం ఎవరిది? ఎవరు వద్దన్నారు?" అని గుచ్చి గుచ్చి అడుగుతారు.

రెండు సెషన్లు చాలు, మధ్యలో మూడు నాలుగు రోజుల ఎడంతో. ఐదారు చేస్తే జవాబులు బట్టీ పట్టినట్టు వినిపిస్తాయి. ఇంటర్వ్యూ ముందురోజు మాత్రం పెట్టుకోకండి. దిద్దుకునే వ్యవధి ఉండదు.