ట్రైలర్ మీద 400 వాట్ల సోలార్: మూడేళ్ల వాడకం తర్వాత

చలికాలం ఆరిజోనా ఎడారి, వేసవి కొలరాడో కొండలు. కరెంటు ప్లగ్గు ఉండని, అమెరికా ప్రభుత్వానికి చెందిన బీఎల్‌ఎం భూముల్లో ఒకేచోట 14 రోజులు ఉండనిస్తారు. ఆ 14 రోజులూ, బండి వెనక లాక్కెళ్లే ఇల్లు లాంటి మా 24 అడుగుల ట్రైలర్‌ సోలార్ మీదే నడుస్తుందా అంటే, జూన్‌లో దర్జాగా నడుస్తుంది. డిసెంబరులో మాత్రం పైకప్పు మీది ప్యానెళ్లు ఒక్కటే చాలవు.

సెటప్ ఇదీ: పైన 200 వాట్ల మోనో ప్యానెళ్లు రెండు, విక్ట్రాన్ 100/30 ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చేది; 100 వోల్టులు, 30 యాంప్స్ దాకా), 100 యాంప్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు, 2000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్, 500 యాంప్స్ షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును కొలిచేది).

డిసెంబరు గొడవంతా సూర్యుడి ఎత్తుది. ఫీనిక్స్‌లో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 33 డిగ్రీలకు మించి పైకి రాడు. అదే రోజు హైదరాబాద్‌లో 49 డిగ్రీలు. మన ఊరి చలికాలపు ఎండను మనసులో పెట్టుకుని లెక్కేస్తే ఇక్కడ బోల్తా పడతాం. పైకప్పు మీద చదునుగా ఉన్న ప్యానెల్‌కు ఆ వేళలో దక్కేది, సూర్యుడికి ఎదురుగా వంచిన ప్యానెల్‌కు దక్కేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. జూన్‌లో రోజుకు 2 యూనిట్లు అవలీలగా ఇచ్చే ఈ 400 వాట్లు డిసెంబరులో 0.9 యూనిట్ దగ్గర ఆగిపోతాయి. బ్యాటరీ భాషలో 70 యాంప్ అవర్లు.

మరి రోజుకు ఖర్చో, అదే యాంప్ అవర్లలో? 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 50. గడ్డకట్టే రాత్రి ఫర్నేస్ (గది వెచ్చబెట్టే హీటర్) మండేది ప్రొపేన్ మీదే అయినా దాని ఫ్యాన్ 7 యాంప్స్ లాగుతుంది. మొత్తమ్మీద ఐదు గంటలు తిరిగితే 35. గ్యాస్ డిటెక్టరు, స్టీరియో లాంటివి ఊరికే కూర్చుని తినేది 15. లైట్లు, పంపు, ఫోన్లు కలిపి 10. మొత్తం 110. రోజుకు 40 లోటు. 200 యాంప్ అవర్ల బ్యాటరీని 20 శాతం కంటే కిందికి దించకూడదనుకుంటే నాలుగు రోజుల్లో జనరేటర్ తీయాల్సిందే.

ఈ లోటు పూడ్చింది నేల మీద నిలబెట్టే 200 వాట్ల సూట్‌కేస్ ప్యానెల్. దక్షిణానికి తిప్పి, 55-60 డిగ్రీలు లేపి పెడితే డిసెంబరులో ఇదొక్కటే 0.7 యూనిట్‌కు పైగా ఇస్తుంది. అంటే పైన చదునుగా పరిచిన 400 వాట్లకు దాదాపు సరిజోడు. ట్రైలర్‌ను చెట్టు నీడన ఆపి దీన్ని ఎండలోకి లాక్కోవచ్చు కూడా. అయితే కంట్రోలర్ బిగించి వచ్చే రకం కొనొద్దు. దాని అవుట్‌పుట్‌ను ఇంకో కంట్రోలర్‌లోకి పంపకూడదు, నేరుగా బ్యాటరీకే పోవాలి. అప్పుడు పొడుగు కేబుల్‌లో 12 వోల్టుల దగ్గరే నష్టం ఎక్కువ. ఉత్త ప్యానెల్ తెచ్చుకుని, బ్యాటరీ పక్కన 75/15 కంట్రోలర్ విడిగా పెట్టండి. గాలికి పడిపోకుండా కాళ్లకు నీళ్ల డబ్బాలు కట్టడం మరవొద్దు. కొన్ని ట్రైలర్లకు పక్కన 'సోలార్ రెడీ' అని ఎస్‌ఏఈ ప్లగ్గు ఉంటుంది. అందులో ప్లస్ ఏదో మైనస్ ఏదో కంపెనీకో తీరు, మాదాంట్లో తిరగేసి ఉంది. ముందు మల్టీమీటర్ పెట్టాకే ఏదైనా తగిలించండి.

పైకప్పు మీది రెండూ, వోల్టేజీలు కలిసేలా, సిరీస్‌లో ఉన్నాయి. కేబుల్‌లో పారేది 10 యాంప్సే కాబట్టి లోపల ముందే వేసి ఉన్న 10 గేజ్ వైరు సరిపోయింది. ఇలాంటివే ఇంకో రెండు కొని నాలుగూ సిరీస్ చేద్దామనే ఆలోచన మాత్రం ప్రమాదం. ఒక్కోటి ఏమీ తగిలించకుండా, అంటే ఓపెన్ సర్క్యూట్‌లో 24 వోల్టులు, నాలుగు కలిపి 96. కంట్రోలర్ 100 వరకు పడుతుంది కదా అనిపిస్తుంది. కానీ లేబుల్ మీది అంకె 25 డిగ్రీలది. ఒక్కో డిగ్రీ తగ్గినకొద్దీ వోల్టేజీ 0.3 శాతం దాకా పెరుగుతుంది. మైనస్ 5 డిగ్రీల ఉదయం అది 104 దాటుతుంది, కంట్రోలర్ పోతుంది. వేసవిలో దీనికి తిరగేసిన కథ: ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే పవర్‌లో 15 శాతం ఎగిరిపోతుంది. అందుకే ప్యానెల్ కింద కనీసం అంగుళం గాలి ఆడాలి. వంగే ప్యానెళ్లను కప్పుకు అతికించడం నాకు నచ్చనిది ఇందుకే. రబ్బరు కప్పు మీద టేప్‌ను కూడా నమ్మొద్దు. ఆ రబ్బరే కింద చెక్కకు జిగురుతో అంటుకుని ఉంటుంది. వాడాల్సింది జడ్ ఆకారపు బ్రాకెట్లు, దూలంలోకి దిగే స్క్రూలు, పైన నీళ్లు దిగకుండా డైకర్ సీలెంట్. ఆరు నెలలకోసారి ఎక్కి పగుళ్లు చూసుకోవాలి.

ఇన్వర్టర్‌తోనే ఎక్కువ మోసపోతాం. ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉంటేనే మాది 20 వాట్లు తాగుతుంది. రోజంతా వదిలేస్తే 37 యాంప్ అవర్లు, ఫర్నేస్ ఫ్యాన్ కంటే ఎక్కువ! పై లెక్కలో దీన్ని కలపలేదు. తలుపు దగ్గర రిమోట్ స్విచ్ పెట్టి, పనైపోగానే ఆపేయడమే మందు. వంట సంగతి: 500 వాట్ల కుక్కర్లో అరగంట అన్నం వండితే 20 యాంప్ అవర్లు హరీ. గ్యాస్ మీద ప్రెజర్ కుక్కర్ పెట్టుకోండి. చట్నీకి మిక్సీ మూడు నిమిషాలు తిరిగితే మూడు యాంప్ అవర్లే, బేఫికర్. కాకపోతే 110 వోల్టుల మోడల్ అయి ఉండాలి. ఏసీ ఊసే ఎత్తొద్దు. 13,500 బీటీయూది 1300 వాట్ల దాకా అడుగుతుంది. సాఫ్ట్ స్టార్ట్ పెట్టినా తగ్గేది స్టార్టింగ్ కుదుపే, నడిచేటప్పుడు తాగేది కాదు.

బ్యాటరీలు మూడేళ్లలో పెద్దగా తగ్గలేదు. సున్నా డిగ్రీల కింద లిథియం ఛార్జ్ తీసుకోకూడదు, బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ బీఎంఎస్ ఆపేస్తుంది. ట్రైలర్ ముందు, బండికి తగిలించే హిచ్ దగ్గరి పెట్టెలో ఉన్నన్నాళ్లూ, కొండల్లో ఎండొచ్చినా తొమ్మిదింటిదాకా ఛార్జింగ్ మొదలయ్యేది కాదు. మంచం కిందికి మార్చాక ఆ బాధ లేదు. ట్రైలర్ గోడ మీద నాలుగు లైట్ల మీటరుకు సెలవిచ్చేయండి. లిథియం వోల్టేజీ 70 శాతం దగ్గరా 40 శాతం దగ్గరా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, షంట్ ఒక్కటే నిజం చెబుతుంది. అదీ సరిగ్గా బిగిస్తేనే: బ్యాటరీ మైనస్ మీద షంట్ వైరు తప్ప ఇంకోటి ఉండకూడదు. ఛాసీ ఎర్త్ వైరు ఒక్కటి అక్కడే మిగిలిపోయినా, 85 శాతం చూపిస్తూనే ఒక రాత్రి ఫ్రిజ్ ఆగిపోతుంది.