మిద్దె మీద సోలార్: ఆన్‌గ్రిడ్ మేలా, హైబ్రిడ్ మేలా?

తిరుపతిలో ఎండకు కొదవ లేదు. అందుకే మిద్దె మీద సోలార్ పెట్టించాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ: కరెంటు లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్డా, బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్డా?

ఖర్చులో ఆన్‌గ్రిడ్ చవక. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.
హైబ్రిడ్‌లో బ్యాటరీ ఖర్చు మొత్తం మనదే.

ఆన్‌గ్రిడ్‌కు ప్యానెళ్ల మీద దుమ్ము కడుక్కుంటే చాలు.
లెడ్ యాసిడ్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి, కొన్నేళ్లకు మార్చాలి.

అసలు సంగతి ఇంకొకటుంది, కొనేముందు దీన్ని అడిగి తెలుసుకోండి. లైన్లో కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ కూడా ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా సరే, ఎందుకంటే మన ప్యానెళ్ల కరెంటు లైన్లోకి పారితే స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. మాకిది తెలియక మొదటి కోతకే ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం.
హైబ్రిడ్‌లో ఫ్యాన్లు, లైట్లు ఆగవు. కానీ నవంబరు ముసురు నాలుగు రోజులు పట్టిందంటే దానికీ లైనే దిక్కు.

బొగ్గు ఆదా రెండిట్లోనూ ఉంది. 3 కిలోవాట్లు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి, అంత కరెంటుకు థర్మల్ కేంద్రంలో ఏడెనిమిది కిలోల బొగ్గు కాలాలి. నాకు ఇదే పెద్ద లాభం అనిపిస్తుంది.

కోతలు తక్కువుండే టౌన్ వీధిలో బిల్లు తగ్గితే చాలనుకుంటే ఆన్‌గ్రిడ్ పెట్టించండి. గాలివానకు గంటలకొద్దీ కరెంటు పోయే పల్లెలో ఉన్నా, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద పెద్దవాళ్లున్నా హైబ్రిడ్డే, ఆ డబ్బు దండగ కాదు.