మొక్కల అక్వేరియంకు చవకలో ఫిల్టరు: మూడు రకాలు వాడి చూసిన తరువాత

నెల్లూరులో మా ఇంటి హాల్లో ఉన్న అక్వేరియం రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గలది. లెక్క ప్రకారం 56 లీటర్లు పట్టాలి గాని, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పెన్నా ఇసుకను కడిగి రెండంగుళాల మందాన పరిచాను కనుక, ఇసుకా రాళ్లూ పోను నీళ్లు 45 లీటర్లకు మించవు. అందులో వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్, చెక్క ముక్కకు కట్టిన జావా ఫెర్న్ పెరుగుతున్నాయి. చిన్న చేపలు, గప్పీలూ జీబ్రా డానియోలూ కలిపి పదిహేను దాకా ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టలేదు, ప్రత్యేకమైన మట్టి కొనలేదు. 2021 ఫిబ్రవరి నుంచి ఈ ఒక్క తొట్టికే మూడు రకాల ఫిల్టర్లు మార్చి మార్చి వాడాను. కొనబోయేవారు అంగడిలో అడగని ప్రశ్నలు కొన్ని, నాకు ఆలస్యంగా తట్టినవి, ఇక్కడ రాస్తున్నాను.

మొదట కొన్నది నీళ్లలో మునిగి ఉండే ఇంటర్నల్ పవర్ ఫిల్టరు. వెల 550 రూపాయలు, పెట్టె మీద గంటకు 600 లీటర్లని అచ్చు వేసి ఉంది. నీళ్లు వచ్చే మూతికి చిన్న పైపు తగిలించి, నీటిమట్టానికి కొంచెం పైన లీటరు సీసా పట్టి గడియారం చూస్తే, కొత్తగా ఉన్నప్పుడే సీసా నిండడానికి తొమ్మిది సెకన్లు పట్టింది; అంటే గంటకు 400 లీటర్లు. మూడు వారాలు స్పాంజిని కడగకుండా వదిలి మళ్లీ కొలిస్తే 24 సెకన్లు పట్టింది, అంటే గంటకు 150 లీటర్లు. చిన్న తొట్టికి ఆ 150 కూడా చాలునన్నది తరువాత తెలిసిన సంగతి. దాని అసలు లోపం వేగంలో లేదు. లోపలి స్పాంజి అగ్గిపెట్టెలు రెండు కలిపినంత ఉంటుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా నిలవవలసింది ప్రధానంగా ఆ స్పాంజిలోనే కాబట్టి, అంత చిన్న చోటును మనం మాటిమాటికీ కడిగేస్తూ ఉంటే వాటికి నిలకడ ఉండదు.

ఆ పాఠం నా తప్పుతోనే నేర్చుకున్నాను. ఒక ఆదివారం స్పాంజిని మునిసిపల్ కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండాను. క్లోరిన్ నీళ్లు బాక్టీరియాను చంపుతాయని అప్పటికి నాకు పట్టలేదు. మంగళవారానికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇందుకూరుపేట దగ్గర వెనామీ రొయ్యల చెరువులు చేసే మా బావమరిది ఆ పూట ఇంటికి వచ్చి, "నీళ్లు తేటగా ఉన్నాయని మురిసిపోతున్నావు బావా, తేట వేరు, మంచివి వేరు" అని ఒక సీసాలో నీళ్లు పట్టుకుపోయి, తాను చెరువు నీళ్లు చూపించే ల్యాబులోనే ఇచ్చాడు. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉంది, అమ్మోనియా లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటింది. పీహెచ్ 7 ఉన్న నీళ్లతో పోలిస్తే 8 ఉన్న నీళ్లలో, అదే మొత్తం అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం దాదాపు పదింతలు ఉంటుంది. ఎండాకాలపు వేడి దానికి తోడవుతుంది. బోరు నీళ్లు కలుపుకొనే మన వైపు ఇళ్లలో ఫిల్టరు ఎంపికను వాలకం చూసి చేయకూడదనడానికి కారణం ఇదే.

రెండోది 2022 ఏప్రిల్‌లో చెన్నై కొళత్తూరు వెళ్లినప్పుడు 1,100 రూపాయలకు తెచ్చిన హ్యాంగ్ ఆన్ ఫిల్టరు. అద్దం అంచుకు తగిలించుకొనే ఈ రకం మొక్కల తొట్టికి చూడ ముచ్చటగా ఉంటుంది: నీళ్లు పలచని తెరలా పడతాయి, ఇసుక గుంటలు పడదు, వాలిస్నేరియా ఆకులు ఒకవైపు వాలిపోవు. దానితో వచ్చిన కార్బన్ కార్ట్రిడ్జిని నెలకొకసారి మార్చమని కాగితంలో ఉంది గాని, ఆ ఖర్చు అనవసరం. కార్ట్రిడ్జి తీసేసి, ఒక ముతక స్పాంజి ముక్క, గిన్నెలు తోమే ప్లాస్టిక్ స్క్రబ్బర్లు కొత్తవి రెండు కుక్కాను. (స్టీలువి వద్దు, సబ్బు కలిపి అమ్మేవీ వద్దు.) ఏడాదిన్నర పాటు అమ్మోనియా మళ్లీ కనబడలేదు. పీల్చే గొట్టానికి స్పాంజి తొడుగు వేసేదాకా గప్పీ పిల్లలు మాత్రం అందులోకి పోయేవి.

చిక్కంతా వేసవిలో వచ్చింది. మే నెలలో నీటిమట్టం తొందరగా దిగిపోతుంది. నీటి తెర కాస్తా ధారగా మారి రాత్రంతా చప్పుడు చేస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మట్టం తక్కువగా ఉంటే నీళ్లు అందక మోటారు ఉత్తగా తిరుగుతుంది. మనం ఇంట్లో లేకపోతే అంతే సంగతులు. పైగా బోరు నీళ్ల సున్నం ఇంపెల్లరు (నీళ్లను తోసే చిన్న రెక్కల చక్రం) చుట్టూ తెల్లగా పేరుకొని రెండు సార్లు బిగుసుకుపోయింది. నిమ్మరసంలో ఒక గంట నానబెడితే వదిలింది. మూడోసారి విప్పుతుంటే దాని సన్నటి ఇరుసు విరిగింది, విడిభాగం ఇక్కడ ఎక్కడా దొరకలేదు.

ఆ ఇరుసు విరగకముందే, 2023 ఎండాకాలంలో, మా బావమరిది మాట మీద పక్కన ఒక స్పాంజ్ ఫిల్టరు పెట్టాను; ఎయిర్ పంపు పంపే గాలి బుడగలు పైకి లేస్తూ నీళ్లను స్పాంజి గుండా లాగే రకం ఇది. ఫిల్టరు 250, ఎయిర్ పంపు 350, పైపూ వాల్వూ 60, మొత్తం 660 రూపాయలు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుందని, అందుకే రాత్రి ఏరేటర్లు ఆపరని అతను చెబుతాడు. మొక్కల తొట్టిలోనూ అదే నడుస్తుంది: పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కలే రాత్రి దాన్ని వాడుకుంటాయి, వెచ్చని నీళ్లలో అది కరగడమూ తక్కువే. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఇముడ్చుకుంటే, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరే నిలుస్తుంది. బుడగల వల్ల కార్బన్ డయాక్సైడ్ పోయి మొక్కలు చెడతాయని భయపెట్టేవారున్నారు. సిలిండరు పెట్టినవారికి ఆ మాట నిజమే, గ్యాసు వృథా అవుతుంది. సిలిండరు లేని తొట్టిలో ఉండేదే గాలిలోంచి, చేపల నుంచి, ఇసుకలోంచి వచ్చే కొద్దిపాటి వాయువు. పైనీళ్లు కదలడం వల్ల పగటి పూట మొక్కలు వాడుకున్నంత మేరకు గాలి నుంచి మళ్లీ చేరుతుంది కూడా. నా క్రిప్టోకొరైన్ స్పాంజ్ ఫిల్టరు వచ్చాకే పక్క మొలకలు వేసింది. అయితే అది ఫిల్టరు ఘనతో, అప్పటికి దాని వేళ్లు కుదురుకున్నాయో తేల్చి చెప్పలేను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో కరెంటు 4వ తేదీ పొద్దున పోయి 6వ తేదీ మధ్యాహ్నానికి వచ్చింది. హ్యాంగ్ ఆన్ ఫిల్టరు మొదటి నిమిషంలోనే ఆగింది. మూడు వాట్ల ఎయిర్ పంపును మాత్రం ఇన్వర్టరుకు కలిపాను, ఫ్యాన్లు ఆపి పొదుపు చేస్తే మరునాడు రాత్రిదాకా నడిచింది. తరువాత రెండు మూడు గంటలకొకసారి చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కాలం గడిపాం. కరెంటు వచ్చాక హ్యాంగ్ ఆన్ మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది. గాలి అందక లోపలి బాక్టీరియా చచ్చిపోయింది. దాన్ని అలాగే నడిపించి ఉంటే ఆ కుళ్లంతా తొట్టిలోకి వచ్చేది. ఆగగానే లోపలి స్పాంజిని తీసి తొట్టి నీళ్లలో వేసి ఉంటే చాలావరకు బతికేదట, అప్పుడు నాకు తోచలేదు. చేపలు ఒక్కటీ పోలేదు. నెల తిరగకముందే ఇరుసు కూడా విరగడంతో, 2024 సంక్రాంతి నుంచి స్పాంజ్ ఫిల్టరు ఒక్కటే నడుస్తోంది.

దీని లోపాలూ చెప్పాలి. తొట్టి మధ్యలో నల్లటి ముద్దలా కనబడుతుంది. జావా ఫెర్న్‌ను ముందుకు జరిపితే సగం దాగింది. నీళ్లలో తేలే సన్నని మడ్డిని ఇది హ్యాంగ్ ఆన్ అంత బాగా పట్టదు, అద్దంలా మెరిసే నీళ్లు కావాలనుకునేవారికి తృప్తి కలగదు. పంపు గుర్రుమంటుంది, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టాక పడుకోగలుగుతున్నాం. పంపు లోపలి రబ్బరు పొర ఏడాదిన్నరకు చిరిగింది, కొత్తది 60 రూపాయలు. పంపును నీటిమట్టానికి పైన పెట్టాలి, లేదా పైపుకు వెనక్కి రానివ్వని వాల్వు తప్పనిసరిగా వేయాలి, లేకపోతే కరెంటు పోగానే నీళ్లు పైపులోంచి వెనక్కి వచ్చి పంపులోకీ, ప్లగ్గుదాకా కూడా చేరతాయి. స్పాంజి కొనేటప్పుడు అంగుళానికి 20 నుంచి 30 రంధ్రాలుండే ముతకదే అడగండి. మెత్తనిది వారానికే పూడిపోతుంది. నెలకొకసారి నీళ్లు మార్చేటప్పుడు, తీసిన పాత నీళ్ల బకెట్లోనే నాలుగుసార్లు పిండితే సరిపోతుంది. కరెంటు సంగతికి వస్తే, నెలకు రెండు యూనిట్ల పైచిలుకు. మొదటి ఇంటర్నల్ ఫిల్టరు 12 వాట్లది, నెలకు ఎనిమిదిన్నర దాకా తాగేది.

మూడడుగుల తొట్టికి ఇలాంటివి రెండు, ఒక్కో మూలన ఒకటి పెట్టవచ్చు. నాలుగడుగులు దాటి, సిలిండరు కూడా పెట్టదలచినవారికి తొట్టి బయట ఉంచే క్యానిస్టరు ఫిల్టరే తగినది గాని, అది మూసిన డబ్బా కనుక గంటల తరబడి కరెంటు పోతే హ్యాంగ్ ఆన్‌కు పట్టిన గతే పడుతుంది. ఇన్వర్టరు లేని ఇంటికి దాన్ని నేను చెప్పను. కొత్త తొట్టి పెట్టేవారు ఏ ఫిల్టరు కొన్నా, అందులో బాక్టీరియా కుదురుకునేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు చేపల విషయంలో ఓపిక పట్టాలి, మొక్కలు మాత్రం మొదటి రోజునే దండిగా నాటుకోవచ్చు, అమ్మోనియాను అవి నేరుగా తీసుకుంటాయి. మా బావమరిది ఇంట్లో కిందటి నెల పెట్టిన తొట్టికి, బాక్టీరియా అప్పటికే కుదురుకున్న నా పాత స్పాంజిలో సగం కోసి ఇచ్చాను. పదో రోజుకు ల్యాబులో చూపిస్తే అమ్మోనియా లేదన్నారు.