గ్రోత్ స్కానా, డాప్లరా? బిడ్డ ఎదుగుదల తగ్గిందన్నప్పుడు ఏది మేలు?

"బిడ్డ బరువు తక్కువగా ఉందన్నారు, వారం వారం గ్రోత్ స్కాన్ చేయించుకోమంటారా, డాప్లర్ చాలా?" స్కాన్ గదిలో నన్ను ఈ మధ్య ఎక్కువమంది అడుగుతున్నది ఇదే, అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను. డాప్లర్ అంటే రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్.

గ్రోత్ స్కాన్‌లో తల, పొట్ట చుట్టుకొలతలు, తొడ ఎముక పొడవు కొలుస్తాం, వాటి నుంచి లెక్కగట్టి వచ్చేది అంచనా బరువు. అంచనా మాత్రమే. ఎంత అనుభవం ఉన్నవాళ్ళు చేసినా 10 నుంచి 15 శాతం అటూఇటూ అవుతుంది. 33వ వారంలో రిపోర్టులో 2 కిలోలు అని ఉంటే, 10 శాతం తేడాతోనే అసలు బరువు 1.8 కావచ్చు, 2.2 కావచ్చు. ఆ సమయంలో చక్కగా ఎదిగే బిడ్డ వారానికి పెరిగేదే దాదాపు 200 గ్రాములు! కొలతలో రాగల తప్పే అంత ఉన్నప్పుడు, వారం తిరక్కుండా మళ్ళీ కొలిచి పెరిగిందో లేదో ఎలా చెప్తాం? "50 గ్రాములే పెరిగింది" అన్న కాగితం పట్టుకుని రాత్రంతా ఏడ్చి వచ్చిన తల్లుల్ని చూశాను, ఆ టెన్షన్ వాళ్ళకి అనవసరం. రెండు గ్రోత్ స్కాన్ల మధ్య కనీసం 2 వారాలు, వీలైతే 3 వారాలు ఉండాలి.

బరువు తగ్గడం గడిచిన వారాల్లో మాయ నుంచి సరిగా అందకపోవడం వల్ల కావచ్చు. మరి ఈ రోజు అందుతోందా? అది బొడ్డుతాడు డాప్లర్‌లో తెలుస్తుంది. గుండె కొట్టుకునే రెండు దెబ్బల మధ్య కూడా రక్తం మాయ వైపు ముందుకే పోతుండాలి. అది ఆగిపోతే బిడ్డను చాలా దగ్గరగా కనిపెట్టుకోవాలి, వెనక్కి మళ్ళితే ఇంకా ప్రమాదం, కాన్పు ఎప్పుడన్న నిర్ణయం దాదాపు దీని మీదే నడుస్తుంది. అందుకే గ్రోత్ స్కాన్ల మధ్య కాలంలో నా ఓటు డాప్లర్‌కే.

అలాగని గ్రోత్ స్కాన్ మానేయమని కాదు. సమస్యను పట్టేది అదే, బరువు 3వ పర్సెంటైల్ కంటే తక్కువుంటే (అంటే అన్నే వారాలున్న వంద మంది బిడ్డల్లో అట్టడుగు ముగ్గురిలో ఉంటే) డాప్లర్ బాగున్నా ఎదుగుదల లోపంగానే చూస్తాం. పైగా 32 వారాలు దాటాక మొదలయ్యే సమస్యలో బొడ్డుతాడు డాప్లర్ నార్మల్‌గానే కనిపించి మోసం చేయొచ్చు, అప్పుడు మెదడు రక్తనాళం డాప్లర్ కూడా చూడాలి. పీఐ అంటే రక్తప్రవాహానికి ఎదురయ్యే అడ్డును సూచించే అంకె, అది బొడ్డుతాడులో పెరిగితే చెడు, మెదడులో తగ్గితే చెడు, రిపోర్టు చదివేటప్పుడు చాలామంది దీన్ని తిరగేసుకుంటారు.

ఇక బయోఫిజికల్ ప్రొఫైల్ (బిడ్డ కదలికలు, ఉమ్మనీరు వంటివి స్కాన్‌లో చూడడం), ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని కాసేపు నమోదు చేయడం) ఆ సమయానికి బిడ్డ ఎలా ఉందో చెప్తాయి, పక్కన తోడుగా పనికొస్తాయి. టేపుతో తల్లి పొట్ట కొలవడం మొదటి అనుమానం వరకే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. నిన్నటి డాప్లర్ ఎంత బాగున్నా సరే, ఈ రోజు బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తర్వాతి స్కాన్ తేదీ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.