అలిపిరా, శ్రీవారి మెట్టా?

తిరుమలకు నడిచి వెళ్లడానికి రెండు దారులు. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు సుమారు 2,400 మెట్లే, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు.

పద్మావతితో పెళ్లయ్యాక శ్రీనివాసుడు అగస్త్యాశ్రమంలో ఆరు నెలలు ఉండి, శ్రీవారి మెట్టు దారినే కొండెక్కాడని స్థలపురాణం. దేవుడంతటివాడే ఆగి బయల్దేరిన దారి, మనల్ని మాత్రం ఆగనివ్వదు. అంతా ఎక్కుడే. ధ్యాసంతా ఊపిరి మీదే, ఇంటి టెన్షన్లు గుర్తే రావు.

అలిపిరి తీరు వేరు. గాలిగోపురం దాకా ఆయాసం, ఆ తర్వాత చాలాసేపు చదును. అక్కడే మనసు విప్పుకుంటుంది. ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమబొట్టు పెడుతూ ఎక్కే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్ల చూపు పై మెట్టు మీద ఉండదు, చేతికింద ఉన్న దాని మీదే. చివర్లో మోకాళ్ల పర్వతం: కొండ సాక్షాత్తు ఆదిశేషుడని, కాలు మోపడానికి మనసొప్పక రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారంటారు. చేరాలన్న ఆత్రం కన్నా, దేని మీద నడుస్తున్నామన్న ఎరుక గొప్పదని నాకు అక్కడే అనిపించింది.

టైము తక్కువైతే శ్రీవారి మెట్టు. తేల్చుకోవాల్సిన సంగతేదైనా మనసులో ఉంటే అలిపిరే.