బెంగళూరులో ఆరు డబ్బాల టీ శాంపిల్ బాక్స్ కొనేవాళ్ళకు హెచ్చరిక

వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, సర్జాపూర్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో శని, ఆదివారాలు జరిగే ఎగ్జిబిషన్లలో ఒక టీ స్టాల్ పెడుతున్నారు. ముదురాకుపచ్చ రేకు డబ్బాలు, బంగారు రంగు మూతలు, ఆరు డబ్బాలు కలిపి ఒక అట్టపెట్టె. డబ్బాకు 50 గ్రాముల చొప్పున మొత్తం 300 గ్రాములు, ధర 2,400 రూపాయలు. అంటే కిలో 8,000 పడుతుంది. ఇదే పెట్టెను ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా అమ్ముతున్నారు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి అమ్మేవాళ్ళ పేరు రాయడం లేదు. డబ్బాల గుర్తులు చెప్పాను, మీకు కనబడితే గుర్తుపట్టగలరు.

ముందే విషయం చెప్పేస్తాను. ఆరు పేర్లతో ఇచ్చిన ఆరు డబ్బాల్లో మూడింట్లో ఉన్నది ఒకే ఆకు అని నా అభిప్రాయం. అందులో ఒకదానికి పైనుంచి సెంటు పట్టించారు. ఇంకో డబ్బాలో ఉన్నది లేబుల్ మీద రాసిన రకం కానే కాదు. మిగిలిన రెండూ పర్వాలేదు, కానీ వాటికి కిలో 8,000 ఎవరూ పెట్టరు.

లేబుళ్ళ మీద ఉన్న పేర్లు ఇవి: డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, డార్జిలింగ్ మస్కటెల్ సెకండ్ ఫ్లష్, నీలగిరి వింటర్ ఫ్రాస్ట్, అస్సాం, సిల్వర్ నీడిల్ వైట్ టీ, ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం). ఇంట్లో రకరకాల ఆకు టీలు పక్కపక్కన పెట్టుకుని రుచి చూడటం నాకు సరదా. కాఫీ బోర్డు ఉన్న ఊరు ఇది, ఫిల్టర్ కాఫీ గురించి నలుగురు నాలుగు మాటలు చెప్పగలరు గానీ ఆకు టీ విషయానికొస్తే చాలామంది లేబుల్ చదివి నమ్మేస్తారు. ఇలాంటి స్టాళ్ళకు కావలసింది అదే.

రుచి ఎలా చూశానో కాస్త వివరంగా రాస్తాను. ఎందుకంటే స్టాల్ వాళ్ళ మొదటి సమాధానం "మీకు టీ పెట్టడం రాలేదు సార్" అని.

టీ పరీక్షకు ఐఎస్ఓ 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, మరుగుతున్న నీళ్ళు, మూత పెట్టి ఆరు నిమిషాలు. అంతే. ఇలా పెట్టిన టీ తాగడానికి బాగుండదు, వగరు ఎక్కువగా వస్తుంది. దాని ఉద్దేశం కూడా తాగి ఆనందించడం కాదు. అన్నిటినీ ఒకే కొలతతో పెడితే ఆకులో ఉన్న లోపం దాక్కోలేదు. నగల కొట్లో ఉండేలాంటి చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతుంది, అది వాడాను. చెంచాతో కొలిస్తే కుదరదు. పొడవాటి ఆకు చెంచాలో గాలి నింపుకుని కూర్చుంటుంది, సన్న ఆకు దట్టంగా పడుతుంది, తూకం ఎక్కడా కలవదు. కప్పులు అన్నీ తెల్లవి, ఒకే సైజువి. లోపల రంగు ఉన్న కప్పులో డికాక్షన్ రంగు పోల్చలేం. వైట్ టీని మాత్రం కాస్త చల్లారిన నీళ్ళతో, సుమారు 80 డిగ్రీల దగ్గర, విడిగా మళ్ళీ పెట్టి చూశాను. దానికి మరుగు నీళ్ళు వాడి అన్యాయం చేశారని ఎవరూ అనకూడదు కదా.

పోలికకు పక్కన ఇంకో రెండు కప్పులు పెట్టాను. ఒకటి కూనూరులో ఫ్యాక్టరీ దగ్గర కొన్న నీలగిరి ఆకు. రెండోది సిలిగురి నుంచి ఆఫీసు స్నేహితుడు తెచ్చిన డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, తోట పేరు, టీ బోర్డు వారి డార్జిలింగ్ గుర్తు ఉన్న ప్యాకెట్. ఇంట్లో టీలు పోల్చేటప్పుడు ఇలా నమ్మకమైనది ఒకటి పక్కన లేకపోతే ఏది మంచిదో తేల్చుకోవడం కష్టం. ఈ రోజు ఒకటి, రేపు ఒకటి తాగి గుర్తుపెట్టుకుందామంటే నాలుకకు అంత జ్ఞాపకం ఉండదు.

ఇక ఫలితాలు. ఫస్ట్ ఫ్లష్ అంటే డార్జిలింగ్‌లో చలికాలం అయ్యాక వచ్చే తొలి చిగురు, మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసేది. ఎండాకులో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, డికాక్షన్ లేత బంగారు రంగులో వస్తుంది, పచ్చి పూల వాసన వేస్తుంది. స్నేహితుడు తెచ్చింది సరిగ్గా అలాగే ఉంది. డబ్బాలోది ఎర్రటి గోధుమ రంగులో దిగింది. తడి ఆకు అంతా ఒకే ముదురు గోధుమ రంగు, పచ్చదనం జాడే లేదు.

సెకండ్ ఫ్లష్ డబ్బా మూత తీయగానే ద్రాక్ష రుచి పిల్లల టానిక్ సీసా తెరిచినట్టుంది. మస్కటెల్ అంటే ద్రాక్షను తలపించే సువాసనే, నిజమే. మే, జూన్ నెలల్లో పచ్చదోమల్లాంటి చిన్న పురుగులు ఆకు రసం పీల్చినప్పుడు మొక్క తనను కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థాల వల్ల వచ్చే వాసన అది. కానీ అసలు దాంట్లో వాసన ఎండాకులో మెల్లగా ఉంటుంది, వేడినీళ్ళు తగిలాక పైకి లేస్తుంది, నోట్లో నిలుస్తుంది. ఇక్కడ తంతు తలకిందులు. వాసనంతా డబ్బాలోనే ఉంది, కప్పులో సగం, రెండోసారి నీళ్ళు పోస్తే సున్నా. మూత లోపలి వైపు వేలితో రాస్తే జిడ్డు తగిలింది. డబ్బా ఖాళీచేసి సబ్బుతో కడిగినా ద్రాక్ష వాసన వదల్లేదు.

నీలగిరి వింటర్ ఫ్రాస్ట్ అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొండమీద చలి బాగా ఉన్నప్పుడు కోసిన ఆకు. దాని డికాక్షన్ తేటగా, తేలిగ్గా, పూల వాసనతో ఉంటుందని పేరు. డబ్బాలోది మామూలు నీలగిరి ఆకులా ఉంది. తాగదగ్గదే. తమాషా ఎక్కడ మొదలైందంటే, తడి ఆకును మూడు తెల్ల పళ్ళాల్లో పరిచి చూస్తే ఫస్ట్ ఫ్లష్, సెకండ్ ఫ్లష్, ఈ నీలగిరి మూడింటికీ తేడా కనబడలేదు. అదే ఆకు సైజు, అదే విరుపు, అవే కాడ ముక్కలు, అదే రంగు.

నా అనుమానం నాకే ఎక్కువ అనిపించి పక్క ఫ్లాట్‌లో ఉండే కడప అక్కను పిలిచాను. ఆవిడ అల్లం దంచి వేసిన పాల టీ తప్ప వేరేది తాగరు, ఈ పేర్లేవీ ఆవిడకు తెలియవు. కప్పుల కింద అంకెలు రాసి, పేర్లు చెప్పకుండా వరసగా ఇచ్చాను. మూడు కప్పులు పక్కకు జరిపి, "ఇవి మూడూ ఒకటే కదండీ, దీనికేదో సెంటు కొట్టారు, అంతే" అన్నారు. ఆ మూడూ అవే.

వైట్ టీ సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సిల్వర్ నీడిల్ అంటే చైనాలోని ఫుజియాన్ నుంచి పేరు పొందిన రకం, విచ్చుకోని మొగ్గలు మాత్రమే, వాటి మీద వెండిలా మెరిసే నూగు ఉంటుంది. మన దగ్గర డార్జిలింగ్, నీలగిరిలోనూ ఆ పద్ధతిలో చేస్తున్నారు. డబ్బాలో విచ్చుకున్న పెద్దాకులు, కాడలు, మధ్యమధ్య రెండు మూడు మొగ్గలు. దీనికి రుచి పరీక్ష అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. అస్సాం బాగుంది, పాలు పోసి వాడేస్తున్నాం. ఊలాంగ్ ఫర్వాలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రంగు కలిపారని నేను అనడం లేదు. టీలో రంగు కలపకూడదని నిబంధన ఉంది. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి చెబుతారు: ఫిల్టర్ పేపర్ మీద కాస్త టీ ఆకు వేసి, నీళ్ళు చిలకరించి తడిపి, ఆకు తీసేసి, పేపర్‌ను కుళాయి కింద కడిగి వెలుతురుకు పట్టి చూడాలి. కల్తీ ఉంటే నల్లటి గోధుమ రంగు మరకలు మిగులుతాయి. ఆ పరీక్ష చేశాను, మరక రాలేదు. అయస్కాంతం తిప్పినా ఇనుప రజను అంటలేదు. కాబట్టి తాగితే ఏమవుతుందోనని టెన్షన్ పడొద్దు. ఇది పేరు మార్చి ధర పెంచిన మోసం.

వాళ్ళకు మెసేజ్ పెడితే మొదట టీ పెట్టడం రాలేదన్నారు. కొలతలు రాసి పంపితే రెండో సమాధానం, "బెంగళూరు నీళ్ళ వల్ల సార్, హార్డ్ వాటర్". ఈ మాటలో కొంత నిజం ఉంది, అందుకే చాలామంది ఆగిపోతారు. బోరు నీళ్ళలో టీ మందకొడిగా ఉంటుంది, పైన సన్నటి తెట్టు కడుతుంది, రంగు కూడా ముదురుతుంది. అందుకే కావేరి నీళ్ళతో ఒకసారి, క్యాన్ నీళ్ళతో ఒకసారి పెట్టాను. నీళ్ళు ఏవైనా స్నేహితుడు తెచ్చిన డార్జిలింగ్ లేత రంగులోనే దిగింది, డబ్బాది ఎర్రగానే దిగింది. నీళ్ళ తప్పయితే రెండింటినీ పాడుచేయాలి కదా. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ మూడు డిగ్రీల తేడా డార్జిలింగ్‌ను నీలగిరిగా మార్చదు.

మూడో సమాధానం "టేస్ట్ అనేది ఎవరిష్టం వాళ్ళది సార్". ఆ తర్వాత తదుపరి ఆర్డరు మీద పది శాతం కూపన్ పంపారు.

అప్పుడు లేబుల్ మీద పడ్డాను. అందరూ చూడాల్సింది ఇక్కడే, ఎందుకంటే రుచి గురించి ఎంతైనా వాదించొచ్చు, లేబుల్ గురించి వాదించలేరు. "ఈ సీజన్ తాజా ఫస్ట్ ఫ్లష్" అని రాసి ఉంది. నేను కొన్నది జనవరిలో. ఆ నెలలో డార్జిలింగ్ తోటలు కోత ఆపి ఉంటాయి, చివరి ఫస్ట్ ఫ్లష్ కోసి అప్పటికి ఎనిమిది తొమ్మిది నెలలు. ప్యాకింగ్ తేదీ డిసెంబరు అని ఉంది. ప్యాకింగ్ తేదీ వేరు, ఆకు కోసిన నెల వేరు. పాత సరుకును నిన్న డబ్బాలో పోసినా నిన్నటి తేదీ వేయొచ్చు. నిజాయితీగా అమ్మేవాళ్ళు తోట పేరు, కోసిన నెల వాళ్ళంతట వాళ్ళే రాస్తారు.

డార్జిలింగ్ పేరు మామూలు పేరు కాదు. 2004లో మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి సరుకు అది. ఆ పేరు వాడుకునే హక్కు 87 తోటలకే ఉంది, వాటన్నిటి పంట ఏడాదికి కోటి కిలోలు కూడా ఉండదు. టీ బోర్డు గుర్తులో ఆకు పట్టుకున్న స్త్రీ ముఖం ఉంటుంది, అనుమతి పొందినవాళ్ళే అది వాడాలి. ఈ డబ్బా మీద ఆ గుర్తు లేదు, ఒక కొండ బొమ్మ ఉంది. కొండ బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు.

ద్రాక్ష వాసన డబ్బా విషయంలో ఇంకో నిబంధన ఉంది. టీకి ఫ్లేవర్ కలిపితే "ఫ్లేవర్డ్ టీ" అని, ఏ ఫ్లేవరో కూడా లేబుల్ మీద రాయాలి. రాయలేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలు ఉంది గానీ, ఆ సంస్థ లైసెన్సుల వివరాలుండే ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో వేసి చూస్తే వేరే పేరు, వేరే జిల్లా, బేకరీ సరుకుల వ్యాపారం వచ్చింది. ఇది చూడటానికి ఫోన్‌లో రెండు నిమిషాలు చాలు, స్టాల్ ముందు నిలబడే చూడొచ్చు. మొహమాటపడకండి.

స్టాల్‌లో వాళ్ళు ఇచ్చే రుచి కప్పులను కూడా నమ్మొద్దు. ఫ్లాస్కులోంచి పోస్తారు, అది ఏ డబ్బాలోదో మనకు తెలియదు, తేనె కూడా కలిపి ఉంటుంది. మీరు కొనబోయే డబ్బా సీలు మీ ముందే తీసి పెట్టమనండి. ఒప్పుకోకపోతే 10 గ్రాముల శాంపిల్ డబ్బులిచ్చి తీసుకోండి. ఇంట్లో అయిదుసార్లు పెట్టుకోవడానికి అది సరిపోతుంది. "ఏ తోట, ఏ నెల కోత" అని అడగండి. "డైరెక్ట్ ఫ్రమ్ ఎస్టేట్" అని మాత్రం అంటే అది జవాబు కాదు. ఎస్ఎఫ్‌టీజీఎఫ్ఓపీ లాంటి పొడవాటి అక్షరాలు చూపిస్తే కంగారు పడకండి. అవి ఆకు సైజుకి, చిగుళ్ళు ఎన్ని ఉన్నాయన్నదానికి సంబంధించిన గ్రేడు, రుచికి హామీ కాదు.

ఇప్పటికే కొన్నవాళ్ళుంటే డబ్బాలు పారేయకండి. లేబుల్, బిల్లు, యూపీఐ చెల్లింపు, చాట్ అన్నీ ఫోటోలు, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. స్టాల్‌లో బిల్లు ఇవ్వకపోతే చెల్లింపు స్క్రీన్‌షాటే ఆధారం. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను, తెలుగులో మాట్లాడొచ్చు. లేబుల్, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు సంగతి ఆ సంస్థ ఫిర్యాదుల వేదిక ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో విడిగా పెట్టాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. 2,400 కోసం అంత దూరం ఎందుకని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. అదీ నిజమే, ముందు ఈ రెండు ఫిర్యాదులూ తేలనీ.

1915కి ఫోన్ చేశాకే స్టాల్ వాళ్ళు సగం డబ్బు వెనక్కి ఇస్తామన్నారు, ఇన్‌స్టాగ్రామ్‌లో నేను పెట్టిన కామెంటు తీసేయాలన్న షరతు మీద. ఒప్పుకోలేదు. కామెంటు వాళ్ళే తీసేశారు. కడప అక్క కూడా ఇదే పెట్టె ఒకటి కొన్నారు, ఆ బిల్లుతో విడిగా ఫిర్యాదు పెట్టారు. ఇదే పెట్టె కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీ ప్యాకింగ్ తేదీ, బ్యాచ్ నంబరు కింద రాయండి. మా రెండు పెట్టెల మీద తేదీలు వేరు, ఆరు రకాలకూ బ్యాచ్ నంబరు మాత్రం ఒకటే.